పొగ రాని కారు

యూరియా అమ్ముకుని బతికినవాణ్ణి నేను. తెనాలిలో ముప్ఫై నాలుగేళ్ళు ఎరువుల కొట్టు నడిపాను. బస్తాలో నత్రజని 46 శాతమనీ, తడిచేత్తో గుళికలు పట్టుకుంటే చల్లగా తగులుతుందనీ, వానాకాలం బస్తా గడ్డకడితే రైతు ఎలాంటి మొహం పెడతాడనీ నాకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు. అలాంటిది షోరూములో మెడకి బిళ్ళ తగిలించుకున్న పాతికేళ్ళ కుర్రాడు నన్ను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, "సార్, యూరియా అంటే ఏంటంటే..." అని మొదలుపెట్టాడు. నోరు మూసుకుని విన్నాను. నేను కొనబోయే కారు యూరియా తాగుతుందట మరి.

మా రోజుల్లో కారు డీజిల్ తాగేది, పొగ కక్కేది. దాని సంసారం అంతే. 1986లో సెకండ్ హ్యాండులో ఒక డీజిల్ అంబాసిడర్ కొన్నాను. 1489 సీసీ ఇంజను. తెల్లవారుజామున హీటరు వేసి, ఇరవై అంకెలు లెక్కపెట్టి, దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పితే, ముందు ఒళ్ళంతా వణికి, తర్వాత దగ్గి, ఆ తర్వాత అంటుకునేది. నేను ఊరెళుతున్నానని వీధి చివరి పాలవాడి దాకా తెలిసిపోయేది. ఎక్కడికెళుతున్నానో కూడా వాళ్ళే చెప్పుకునేవాళ్ళు.

ఆ పొగే మా మేస్త్రికి నాడి. షెడ్డు ముందు కారు నిలిపి ఇంజను ఆపకుండా ఉంచితే, బీడీ ఆర్పి వెనక్కెళ్ళి నిలబడేవాడు. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ పోతోంది, నాజిల్ కారుతోంది, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుంది. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, రింగులు పోయాయి, బోరు చేయించాలి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే రేడియేటర్ మూత తీసి చూసేవాడు, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానంతో. స్కానరు లేదు, లాప్‌టాప్ లేదు. నాజిల్ ఊడదీసి చేతిపంపుకి బిగించి కొడితే, డీజిల్ మంచులా విచ్చుకుంటే సరే, బొట్లుబొట్లుగా కారితే పారెయ్యడమే. పంపు కట్టాల్సి వస్తే మాత్రం విజయవాడ తీసుకుపోయేవాడు. ఆ మైకో పంపుని బల్ల మీద బిగించి, వరుసగా ఉన్న గాజు గొట్టాల్లో ఏ సిలిండర్‌కి ఎంత డీజిల్ పోతోందో కొలిచేవాళ్ళు. నాకు తెలిసి దాన్ని మించిన విజ్ఞాన ప్రదర్శన లేదు.

గ్యారంటీ ఎంత అని అడిగితే మా మేస్త్రి దగ్గర ఒకటే జవాబు: "పనికి గ్యారంటీ అన్నా, సామానుకి లేదు." ఒక్క వాక్యం. కింద చిన్నక్షరాలు లేవు. మళ్ళీ అదే చోట ఆయిల్ కారితే కూలీ తీసుకునేవాడు కాదు. సామాను పోతే నా కర్మ. ఇద్దరికీ తెలిసిన సంగతే కాబట్టి ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా మాటామాటా అనుకోలేదు.

ఇప్పుడు నా కారుకి 300 పేజీలు దాటిన పుస్తకం ఇచ్చారు. వారంటీకి విడిగా ఇంకో పుస్తకం. మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు. దాని మీద డబ్బు కట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా కొన్నాను, మా అల్లుడి సలహా మీద. ఆ పుస్తకాల్లో ఏముందో నాకు 2024లో గానీ తెలియలేదు.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే మా ఆవిడ ఊరుకోదు. ఈ తంతు అంతా ఎందుకొచ్చిందో నాకు తెలియక కాదు. 1996కి ముందు మన డీజిల్లో గంధకం ఒక శాతం దాకా ఉండేది, అంటే పది లక్షల పాళ్ళలో పదివేలు. ఇప్పుడు పది పాళ్ళు. వెయ్యో వంతు! 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా భారత్ స్టేజ్ 6 కాలుష్య నిబంధనలు అన్నారు. నాలుగు నుంచి అయిదు మెట్టు ఎక్కకుండా ఒక్క దూకున ఆరుకి ఎగిరారు. మామూలు డీజిల్ కారు కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల మసి దాకా వదలొచ్చు అన్నది కాస్తా నాలుగున్నరకి దిగింది. నత్రజని ఆక్సైడ్లు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి. ఆ దెబ్బకి మారుతీ వాళ్ళు డీజిల్ కార్లకే నమస్కారం పెట్టేశారు. నేను మాత్రం చిన్నప్పటి అలవాటు మానుకోలేక డీజిలే కావాలని పట్టుబట్టాను. "ఆ రోజుల్లో మీ కారు వెనక నడిచినవాళ్ళని అడగండి, మీ రోజులు ఎలా ఉండేవో చెబుతారు" అంటుంది మా ఆవిడ. మబ్బు చీరతో బజారుకి వెళ్ళి బూడిదరంగు చీరతో ఇంటికొచ్చిన మనిషి. ఆమె మాట కాదనలేను.

సరే, మసి ఆపడానికి ఏం పెట్టారు? సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక పింగాణీ తేనెపట్టు. పొగ అందులోంచి వడకట్టుకుని బయటికి పోవాలి, మసి లోపలే ఉండిపోవాలి. మరి కొన్నాళ్ళకి నిండదూ? నిండుతుంది. అప్పుడు ఇంజను తనంతట తానే కాస్త డీజిల్ ఎక్కువ చిమ్మి, ఆ తేనెపట్టుని ఆరు వందల డిగ్రీల దాకా వేడెక్కించి, మసిని లోపలే కాల్చేసుకుంటుంది. దానికి రీజనరేషన్ అని పేరు. చక్కటి ఆలోచనే. చిక్కల్లా ఒకటే. కారు అరవై కిలోమీటర్ల పైన, ఆగకుండా, పదిహేను ఇరవై నిమిషాలు పరిగెడితేనే ఆ పని సవ్యంగా అవుతుంది.

నాకు డెబ్భై ఒకటి. నా ప్రయాణాలు ఇవి: ఇంటి నుంచి రైతుబజారు కిలోమీటరున్నర. గుడి రెండు. మనవణ్ణి బడి నుంచి తీసుకురావడం మూడు. తెనాలి మూడు కాలవల మధ్య, ఆటోల మధ్య, గేదెల మధ్య అరవై మీద ఇరవై నిమిషాలు నడపాలంటే నన్ను ముందు పోలీసులు, తర్వాత ఊరివాళ్ళు పట్టుకుంటారు. ఈ సంగతి కారు అమ్మినప్పుడు ఆ మెడబిళ్ళ కుర్రాడు చెప్పొచ్చుగా? "మీరు రోజూ ఎంత దూరం తిరుగుతారు సార్?" అని ఒక్క ముక్క అడగొచ్చుగా? సీట్లకి గాలి తగులుతుందన్నాడు, పైకప్పు తెరుచుకుంటుందన్నాడు. యూరియా గురించి కూడా చెప్పాడు. తేనెపట్టు మాట మాత్రం ఎత్తలేదు.

2021 దసరాకి కారు ఇంటికొచ్చింది. ఎనిమిది నెలలకి మీటర్లో పసుపురంగు దీపం వెలిగింది. సర్వీసువాళ్ళకి ఫోన్ చేస్తే, హైవే ఎక్కి ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి, అదే ఆరిపోతుంది అన్నారు. అంటే దుగ్గిరాల మీదుగా మంగళగిరి చేరి, హైవే ఎక్కి, కాజ టోల్ గేటు దాటి గుంటూరు వైపు పోయి, మళ్ళీ తిరిగి రావాలి. దయ్యం పట్టినవాణ్ణి గుడి చుట్టూ తిప్పినట్టు కారుని తిప్పాలి. డీజిల్ నాది, టోలు నాది. అదీ చేశాను. దీపం ఆరింది. రెండు నెలలకి మళ్ళీ వెలిగింది.

ఈలోగా ఇంకో వింత. మా రోజుల్లో డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తగ్గి ఉండేది. వెయ్యి కిలోమీటర్లకి లీటరు పోసేవాళ్ళం, దాని మీద పెద్ద చర్చ ఉండేది కాదు. ఈ కారులో చూస్తే ఆయిల్ పెరిగింది! రెండు రోజులు ఆనందించాను, అక్షయపాత్ర దొరికిందని. తర్వాత తెలిసింది. తేనెపట్టుని వేడెక్కించడానికి చిమ్మిన డీజిల్, మధ్యలో నేను కారు ఆపేస్తే కాలకుండా మిగిలి, సిలిండర్ గోడల మీదుగా జారి కింద ఆయిల్లో కలుస్తుందట. గుడి ముందు కారు ఆపడం కూడా నేరమే అని అర్థం చేసుకున్నాను. ఆ ఆయిల్ కూడా మామూలుది కాదు. బూడిద తక్కువ మిగిల్చే రకం కావాలి. మసి అయితే కాలుతుంది గానీ బూడిద ఎంత వేడికీ కాలదు, తేనెపట్టులోనే ఉండిపోతుంది. పాత కొట్టులో పాత డబ్బా కొని పోస్తే అంతే సంగతులు.

యూరియా గోల విడిగా ఉంది. 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీళ్ళు. పెట్రోలు బంకులో లారీలవాళ్ళ కోసం నీలం బకెట్లలో పెడతారు. ఆ నీళ్ళు పొగలోకి చిమ్మితే నత్రజని ఆక్సైడ్లు మామూలు నత్రజనిగా, నీటి ఆవిరిగా మారతాయి. ట్యాంకు అడుగంటితే కారు ముందు కిలోమీటర్లు లెక్కచెప్పి బెదిరిస్తుంది, సున్నాకొచ్చాక ఆపితే మళ్ళీ స్టార్టు కాదు. మా కొట్టుకి అలవాటైన రైతు ఒకాయన ఇది విని, "బస్తాలో గుప్పెడు నీళ్ళలో కలిపి పోయరాదా శెట్టిగారూ, 266 రూపాయల యాభై పైసలకి 45 కిలోలు వస్తుంది కదా" అన్నాడు. పొయ్యకూడదు. పొలానికిచ్చే యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, అది ఆ యంత్రానికి విషం. పైగా సబ్సిడీ యూరియా కారుకి పోస్తే నేరం. 2025 ఖరీఫ్‌లో ఒక్క బస్తా కోసం రైతులు క్యూలో చెప్పులు పెట్టి నీడకి పోయి నిలబడ్డ రోజుల్లో, నేను నీలం బకెట్ చేతబట్టుకుని బంకులోంచి బయటికొస్తుంటే ఎవరైనా చూస్తారేమోనని సిగ్గేసింది.

2024 వేసవిలో దుగ్గిరాల దాటాక కారు పికప్ పోయింది. కాలు ఎంత తొక్కినా నలభై దాటదు. సర్వీస్ సెంటర్‌కి ఈడ్చుకుంటూ పోయాను. స్కానరు పెట్టి, కారుని ఒక మూల నిలబెట్టి, బలవంతపు రీజనరేషన్ అన్నారు. అరగంట పైన ఇంజను ఒకటే హోరు. వెనక గొట్టం దగ్గర నిలబడితే బట్టీ ముందు నిలబడ్డట్టు సెగ. మనుషుల్ని ఆస్పత్రిలో కరెంటు పెట్టి లేపినట్టు ఉంది. రెండుసార్లు అలా చేశారు. మూడోసారి సర్వీస్ అడ్వైజర్ బయటికొచ్చి, "తేనెపట్టు మార్చాలి సార్, లక్షా ముప్ఫై ఎనిమిది వేలు" అన్నాడు.

"వారంటీలో ఉంది కదా నాయనా. మూడేళ్ళు ఇంకా నిండలేదు. ఇరవై ఒక్క వేల కిలోమీటర్లే తిరిగింది."

"తయారీలో లోపం అయితే వారంటీ సార్. ఇది మీ డ్రైవింగ్ ప్యాటర్న్ వల్ల వచ్చింది."

డ్రైవింగ్ ప్యాటర్న్! యాభై ఏళ్ళు స్టీరింగ్ పట్టుకున్నాను. తిరుమల ఘాట్ రోడ్డు అంబాసిడర్‌లో ఎక్కాను, రెండు చోట్ల రేడియేటర్‌లో నీళ్ళు పోసుకుంటూ. ఒక్క గీత పడనివ్వలేదు. నాకు ప్యాటర్న్ ఉందని ఎవరూ అనలేదు. ఏం తప్పు చేశాను బాబూ అంటే, నెమ్మదిగా నడిపారు సార్ అన్నాడు.

ఈ మాట విన్నాక డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఒక ముచ్చట చెప్పాడు. ఆస్ట్రేలియాలో టయోటా వాళ్ళు 2015 చివర నుంచి 2020 ఏప్రిల్ దాకా అమ్మిన హైలక్స్, ప్రాడో, ఫార్చ్యూనర్ డీజిల్ బళ్ళు రెండున్నర లక్షల పైన. వాటి తేనెపట్టు ఏర్పాటులోనే లోపం ఉందని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. నష్టపరిహారం ఎంత అన్నది హైకోర్టు దాకా పోయింది. ఆ బళ్ళకి తంటా ఎప్పుడొచ్చిందనుకున్నారు? వంద కిలోమీటర్ల వేగంతో ఆగకుండా నడిపినప్పుడట! అక్కడ గట్టిగా నడిపితే పాడు, ఇక్కడ మెల్లగా నడిపితే పాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. తేడా ఒకటే. అక్కడి కోర్టు ఆ ప్యాటర్న్ బండిదంది. ఇక్కడ సర్వీసు కుర్రాడు నాదన్నాడు.

అమెరికాలో అయితే కాలుష్యాన్ని ఆపే పెద్ద భాగాలు కొన్నిటికి, అంటే కెటలిటిక్ కన్వర్టర్, ఇంజను కంప్యూటర్ లాంటివాటికి, ఎనిమిదేళ్ళు లేదా 80 వేల మైళ్ళు వారంటీ ఇచ్చి తీరాలని ప్రభుత్వమే చట్టంలో రాసిందట. మన లెక్కలో లక్షా ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్ల పైమాటే. మనకీ ఏదో ఉండాలి కదా అని నా వారంటీ పుస్తకం రాత్రిళ్ళు కళ్ళజోడు పెట్టుకుని చదివాను. దొరికింది. చివర్లో ఒక పేజీ, 'ఎమిషన్ వారంటీ'. చంకలు గుద్దుకున్నాను. ఆ పేజీ ప్రకారం, నా కారు కాలుష్య పరీక్షలో తప్పితే, దానికి కారణం ఫలానా భాగాలైతే, వాళ్ళ ఖర్చుతో బాగుచేస్తారు. ఇంకేం, పొగ పరీక్షలో తప్పితే చాలు.

మర్నాడే బంకు పక్కన వ్యానులో ఉన్న పొల్యూషన్ కుర్రాడి దగ్గరికి పోయాను. గొట్టం పెట్టి నాలుగైదుసార్లు రేజ్ చేయించాడు. కంప్యూటర్ వైపు చూసి నవ్వాడు. "బాబాయ్ గారూ, ఇంత శుభ్రమైన బండి ఈ నెలలో రాలేదు. అసలు పొగే లేదు" అన్నాడు.

ఎందుకుంటుంది? మసి మొత్తం మింగి, గొంతుకి అడ్డం పడి చావబోతున్న తేనెపట్టు అది. పని మరీ ఎక్కువ చేసి పాడైంది. పని చెయ్యకుండా పాడై ఉంటే పొగ వచ్చేది, పరీక్ష తప్పేది, వారంటీ దక్కేది. పాసైనట్టు సర్టిఫికెట్ చేతికిచ్చి, డబ్బు తీసుకుని, చల్లగా పంపించాడు. జీవితంలో మొదటిసారి ఒక పరీక్ష తప్పాలని మొక్కుకుని వెళ్ళి, ఫస్టు క్లాసులో పాసయ్యాను.

పొగ పరీక్ష అంటే మా రోజుల్లో ఎలా జరిగేదో కూడా చెప్పేస్తాను, వయసు మీద పడ్డాక దాచుకోవడానికేముంది. డీజిల్ బండికి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు దాటకూడదని రూలు. పరీక్షకి వెళ్ళేముందు మా మేస్త్రి పంపు మీద స్క్రూ అర చుట్టు తిప్పేవాడు, డీజిల్ తగ్గేది, పొగ తగ్గేది. కాగితం చేతికి రాగానే రోడ్డవతల చింతచెట్టు కింద ఆగి, ఆ అర చుట్టు వెనక్కి తిప్పేవాడు. లేకపోతే బండి బ్రిడ్జి ఎక్కదు మరి.

2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ గుట్టు బయటపడ్డప్పుడు పేపర్లో చదివి నేను ఆశ్చర్యపోకపోవడానికి కారణం అదే. పరీక్ష జరుగుతోందని కారు తనంతట తానే పసిగట్టి అప్పటికి బుద్ధిగా ఉండటం, రోడ్డెక్కాక నత్రజని ఆక్సైడ్లు నలభై రెట్ల దాకా వదలడం. ప్రపంచమంతా కోటీ పది లక్షల కార్లు. మా మేస్త్రి అర చుట్టునే వాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో రాశారు! దాన్ని రోడ్డు మీద కొలిచి తేడా కనిపెట్టిన వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ బృందంలో మన దక్షిణాది నుంచి వెళ్ళిన అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న కూడా ఉన్నారని తెలిసి గర్వపడ్డాను. అమెరికాలో ఓనర్లకి కారు వెనక్కిచ్చి డబ్బు తీసుకునే వీలు కల్పించారు. మన దగ్గర 3 లక్షల 23 వేల కార్లని రీకాల్ చేసి సాఫ్ట్‌వేర్ మారుస్తాం రమ్మన్నారు. 2019లో హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల జరిమానా వేస్తే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మా మేస్త్రి తప్పు చేసినా నా కళ్ళముందు, నా స్క్రూడ్రైవర్‌తో, నా కోసం చేశాడు. అది పుణ్యకార్యమని నేననడం లేదు. తిప్పింది ఎవరో, తిప్పించింది ఎవరో మా ఇద్దరికీ తెలుసు అంటున్నానంతే.

విజయవాడ ఆటోనగర్‌కి కూడా పోయాను. అక్కడ ఒక కుర్రాడు అయిదు నిమిషాల్లో తేల్చేశాడు. "పీకి పారేద్దాం బాబాయ్. లోపల డొల్ల చేసి, పైకి డబ్బా అలాగే బిగిస్తా. కంప్యూటర్‌లో ప్రోగ్రాం మారుస్తా, దీపం జన్మలో వెలగదు. లక్షా ముప్ఫై ఎందుకు, ముప్ఫైలో అయిపోద్ది." మనసు లాగింది, అబద్ధమెందుకు. వారంటీ ఎటూ ఇవ్వనన్నారు. చట్టం ఒప్పుకోదని కుర్రాడికీ తెలుసు, నాకూ తెలుసు. కారులో కూర్చున్న మనవడికి అప్పుడే దగ్గొచ్చింది. పిల్లలకి ఊరికే దగ్గొస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. అయినా తాళం వెనక్కి తీసుకున్నాను.

కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి జవాబొచ్చింది. వారంటీ కింద కాదు గానీ, 'గుడ్‌విల్' కింద సామాను ఖర్చులో సగం భరిస్తారట. గుడ్‌విల్! ఎరువుల కొట్టు అమ్మినప్పుడు నేనూ గుడ్‌విల్ తీసుకున్నాను, దాని అర్థం నాకు తెలుసు. వినియోగదారుల కమిషన్‌కి పోదామంటే, తయారీ లోపమని నిపుణుడి చేత రిపోర్టు రాయించి తేవాలి, తిరగాలి అన్నాడు మా వకీలు మిత్రుడు. తిరగాలంటే కారు కావాలి కదా. సగం కట్టాను. తేనెపట్టు కొత్తది వేశారు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, నా డ్రైవింగ్ ప్యాటర్న్ మార్చుకోవాలని నాకు వివరంగా చెప్పినట్టు.

మార్చుకున్నాను. ఆదివారం తెల్లారి, ట్రాఫిక్ లేకముందే, నేనూ మా ఆవిడా బయల్దేరతాం. మంగళగిరి, కాజ, గుంటూరు బైపాసు. ఏ పనీ లేదు, ఎవరింటికీ కాదు. కారుకి ఆకలి పుట్టించడానికి. మధ్యలో ఎక్కడా ఆపకూడదు, టీ కూడా తిరుగు ప్రయాణంలోనే. పెళ్ళయిన నలభై ఆరేళ్ళలో ఊరికే ఇలా కారెక్కించి తిప్పింది లేదని ఆవిడ మొదటివారమే లెక్క తేల్చింది.

పోయిన ఆదివారం బైపాసు మీద ఇరవై నిమిషాలు నిండకుండానే దీపం ఆరింది. "ఆరింది, ఇక తిప్పెయ్యనా?" అన్నాను.

"ఏం తొందర? ఇంకాస్త దూరం పోనివ్వండి," అంది. "మళ్ళీ వెలిగితే?"